వార్షిక నివేదిక 2024–25: కాటిసీను సాయంత్రం, ఆ తర్వాత జరిగినవి

సభ్యులందరికీ నమస్కారం.

ముందు మామూలు విషయాలు. సంక్రాంతి ముగ్గుల పోటీ బాగా జరిగింది. కాలువల పూడిక రెండుసార్లు తీయించాం. మూడో వీధి లైట్ల గొడవ ఇంకా తేలలేదు. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. చందా బాకీ ఉన్నవాళ్లెవరో వాళ్లకే తెలుసు కాబట్టి ఇక్కడ పేర్లు రాయడం లేదు.

ఈ ఏడాది కాస్త వివరంగా రాయాల్సింది సెప్టెంబరు 28 సాయంత్రం గురించి. అది గుర్రం జాషువా జయంతి. 1895లో ఆయన పుట్టిన వినుకొండ మనకు మరీ దూరమేం కాదు. అందుకని ఏటా ఒక దండ, రెండు ఉపన్యాసాలతో కానిచ్చేస్తున్నాం. ఈసారి ఉపన్యాసాలు మానేసి పద్యాలు పాడిద్దామని సాంస్కృతిక ఉపసంఘం అంది. పాడించేదేమో కాటిసీను! "పుట్టినరోజు పూట శ్మశానం పద్యాలేంటండీ" అని కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

పిల్లల కోసం రెండు మాటలు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో, రాజు కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయి శ్మశానానికి కాపలా కాసే ఘట్టం అది. అక్కడ జనం వన్స్‌మోర్ కొట్టే పద్యాల్లో కొన్ని అసలు నాటకంలోవి కావు. జాషువా శ్మశానం మీద రాసినవి. నటులు తెచ్చి పాడుకున్నారు, అవి అక్కడే స్థిరపడిపోయాయి. కవి కలమైనా, రాజు ముద్రిక అయినా, చిత్రకారుడి కుంచె అయినా చివరికి ఇక్కడే పోయాయంటూ సాగుతాయి. ఒక పద్యంలో, అంటరానితనం తిరగడానికి ఇక్కడ తావే లేదంటాడు.

పాడింది ఎన్నో ఏళ్లు హరిశ్చంద్ర వేషం కట్టిన పెద్దాయన. డెబ్బై దాటాయి. పై స్థాయి అందనప్పుడు హార్మోనియం ఆయన కోసం ఆగి, మళ్లీ ఆయనతోపాటే కదిలింది. అంటరానితనం పద్యం దగ్గర రాగం తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి ఆపేశారు. గొంతు పట్టేసిందనుకున్నాం. కాదు, ఏడుస్తున్నారు. ముందు వరసలో కొంగులు కళ్లమీదికి వెళ్లాయి.

అప్పుడు చూశాను. గేటు దగ్గర మన శ్మశానం కాపరి నిలబడి ఉన్నాడు. మైకు విని వచ్చి ఉంటాడు. వెనక వరసలో ఏడెనిమిది కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆయన కూర్చోలేదు, ఎవరమూ కూర్చోమనలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఆ పద్యం ఆయనకు కంఠతా వచ్చు.

కార్యక్రమం అయ్యాక డిగ్రీ చదువుతున్న మన కాలనీ అమ్మాయి ఒకటి అడిగింది. "తాతయ్యా, రాజుగారు కాటికాపరి అయ్యాడని అందరం ఏడ్చాం. మరి వీరబాహుడి కోసం ఎప్పుడైనా ఎవరైనా ఏడ్చారా?"

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. "లేదమ్మా. మా నాటకంలో ఆ వేషం తాగి తూలుతూ వచ్చేది. జనం నవ్వేవాళ్లు" అన్నారు.

సింహాసనం దిగి వచ్చినవాడి మీద జాలిపడటం తేలిక. పుట్టుకతోనే కాటికాపరి గొంగడి కప్పుకున్నవాడి మీద మన కన్ను పడదు. జాషువా రాసింది మాత్రం ఊరవతల నుంచి. అంటరానితనం అనుభవించినవాడు కాబట్టే, అది లేని చోటు శ్మశానమొక్కటే అనగలిగాడు. మన ఊళ్లో ఒక్కో కులానికి ఒక్కో శ్మశానం ఉంది కాబట్టి ఆ మాట కూడా ఇంకా నిజం కాలేదు.

కన్నీళ్ల సంగతి నాకు తెలుసు. కాఫీ వచ్చేలోపు ఆరిపోతాయి. ఈసారి అలా కాకపోవడానికి కారణం మన మినిట్స్ పుస్తకం. తర్వాతి సమావేశానికి పాత పేజీలు తిరగేస్తుంటే, రెండేళ్ల కిందట కాపరి పెట్టుకున్న అర్జీ కనిపించింది. శ్మశానంలో ఒక కుళాయి, రాత్రిపూటకి లైటు, తను పడుకునే గదికి రేకులు అడిగాడు. కింద "పరిశీలిద్దాం" అని రాసి ఉంది. రాత నాదే.

దసరాలోపు కుళాయి, రెండు ఎల్‌ఈడీ లైట్లు పెట్టించాం. రేకులు మార్చాం. అంత్యక్రియలకు వెళ్లినప్పుడు మనకు గాజు గ్లాసుల్లో, ఆయనకు మాత్రం విడిగా పేపరు కప్పులో టీ ఇచ్చే అలవాటు ఉండేది. దాని మీద తీర్మానం చేయలేదు, చేస్తే బాగుండదు కూడా. కానీ కార్తీకంలో ఒక ఇంటివాళ్లు అందరితోపాటు గాజు గ్లాసులోనే ఇచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన గ్లాసు తీసుకుని, తాగాక ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

కానిది కూడా చెప్పాలి. ఆయనకు జీతం లేదు, కర్మ జరిపించేవాళ్లు ఇచ్చిందే. నెలనెలా సంఘం తరఫున కొంత ఇద్దామన్న ప్రతిపాదన వాయిదా పడింది. "అది మున్సిపాలిటీ పని" అన్న సభ్యుల మాటలో న్యాయం లేకపోలేదు. అక్కడ ఇచ్చిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు. ఈ సర్వసభ్య సమావేశంలో ఆ ప్రతిపాదన మళ్లీ పెడుతున్నాం, దయచేసి అందరూ రండి.

వచ్చే జయంతికి జాషువా కుమార్తె హేమలతా లవణం గారి గురించి చెప్పించాలని ఒక సూచన వచ్చింది. నేరస్తుల తెగ అని ముద్ర వేసినవాళ్లుండే స్టువర్టుపురంలోనూ, నిజామాబాద్ వైపు దేవత పేరిట అంకితం చేసేసిన జోగినుల మధ్యా ఆవిడ చేసిన పని మన పిల్లలకు తెలియదు. పద్యాలు కూడా ఉంటాయి. ఒక పద్యం పాడమని కాపరిని అడగడానికి నేనే వెళ్లాను. మొదట నవ్వాడు. తర్వాత ఒప్పుకున్నాడు.

"పాడతానండి. ఆ రోజు ఎవరన్నా పోతే మాత్రం రాలేను" అన్నాడు.