అడవి లెక్కలో మామిడి తోటలా?

సంపాదకులకు,

దేశ భూభాగంలో మూడో వంతు అడవులు, చెట్లతో ఉండాలని 1988 జాతీయ అటవీ విధానం నిర్దేశించింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పదిహేనోది అంతకన్నా ముందుకు వెళ్లి, జీవవైవిధ్య నష్టాన్ని కూడా ఆపాలంటోంది. ఈ రెండూ కలవాలంటే ముందుగా మన కొలత మారాలి. హెక్టారు, ఆపైన ఉన్న నేలలో చెట్ల కప్పు పది శాతమో అంతకు మించో ఉంటే, అది ఎవరిదైనా, అక్కడ ఏ చెట్టు ఉన్నా, భారత అటవీ సర్వే సంస్థ దానిని అటవీ విస్తీర్ణంగానే లెక్కిస్తుంది కనుక మామిడి తోట సైతం అడవి ఖాతాలో చేరుతోంది.

విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లిని చూడండి. బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర తేలికగా ఉండి ఉలికి చక్కగా లొంగుతుంది. చుట్టుపక్కల అడవుల్లో ఆ చెట్టు తగ్గిపోయి కళాకారులు కర్రకు అవస్థ పడుతున్నారు. కొండ పచ్చగా ఉన్నా పొణికి దొరకకపోతే ఆ పచ్చదనం వారి పొయ్యి వెలిగించదు.

2018 నాటి జాతీయ అటవీ విధాన ముసాయిదాను మళ్లీ చేపట్టినప్పుడైనా, సహజ అడవిని, నాటిన తోటను వేర్వేరుగా నమోదు చేయాలని, పొణికి వంటి స్థానిక జాతుల పెంపకంలో ఆ చెట్టుపై బతికేవారికి మాట ఉండేలా చూడాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ