పడమటింటివాళ్ళెవరో తేలింది

చిన్నా,

ఫోన్లో మొదలెడితే సగంలోనే మీటింగుందంటావు, అందుకని రాసి పంపిస్తున్నాను, ఆదివారం పూట తీరిగ్గా చదువు. మన పక్కనే తాళం వేసున్న పడమటింటి సంగతి. "ఎవరూ లేరు కదమ్మా, ఆ పెరడు మనలో కలిపేసుకుని కారుకి షెడ్డు వేయించేద్దాం" అన్నావు చూడు, ఆ మాట విన్న దగ్గర్నించి మీ నాన్న టేపు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎవరూ లేకపోవడమేంట్రా, ఉన్నారు. నలుగురున్నారు.

అసలిదంతా గోడ వల్ల వచ్చింది. మన వంటింటికీ వాళ్ళ సావిడికీ మధ్య ఉన్నది ఉమ్మడి గోడ. దాని నెత్తిన మొలిచిన రావి మొక్క ఇప్పుడు నా చెయ్యంత లావయింది. దాని వేరు మన వైపుకి దిగి, పప్పుల డబ్బాలు పెట్టుకునే అలమార వెనక బీట తీసింది, బీటలో నా చిటికెన వేలు దూరుతోంది. వాన పడితే కింద అరంతా చెమ్మ, కందిపప్పు బూజు పట్టిపోయింది. కొట్టించేద్దామని మనిషిని పిలిస్తే రావి చెట్టు నేను ముట్టనమ్మా అని ఒకడు వెళ్ళిపోయాడు. ఇంకొకడు కొడతాను గానీ అటువైపు నించి ఎక్కాలి, వాళ్ళ తాళం ఎవరు తీస్తారన్నాడు. అదీ నిజమే. అడక్కుండా తాళం పగలగొట్టామనుకో, రేపు ఆ పాత గోడ దానంతటది కూలినా కూల్చింది మనమే అవుతాం.

ఆ ఇల్లు ఖాళీ అయింది తొంభై ఆరు తుపానుకి. 1996 నవంబరు 6 రాత్రి, నువ్వు అప్పటికి చంటివాడివి, వాళ్ళ మంగుళూరు పెంకులు ఎగిరొచ్చి మన పెరట్లో పడుతుంటే నిన్ను మంచం కింద పడుకోబెట్టాను. అందులో ఒక్కర్తే ఉండే మామ్మగారిని తర్వాత కొడుకొచ్చి తీసుకెళ్ళిపోయాడు. ఊరంతా ఆవిణ్ణి "రైలు మామ్మ" అనేవాళ్ళు, అసలు పేరు ఎవర్నడిగినా తెలీదు. మొన్నామధ్య ఇళ్ళ స్థలాల సర్వేకి వచ్చినవాళ్ళు, అదే 2020లో కేంద్రం మొదలెట్టిన స్వామిత్వ, డ్రోన్లతో కొలిచి కార్డులిస్తారే అది, ఈ ఇల్లెవరిదని అడిగితే వీధిలో నలుగురు నాలుగు పేర్లు చెప్పారట.

సరే, నువ్వు చెప్పినట్టే ముందు భూముల రికార్డులుండే మీభూమి సైటులో చూశాం. అందులో ఏముంటుంది, మన వీధంతా గ్రామకంఠం, అంటే ఊళ్ళో ఇళ్ళున్న స్థలం. పొలానికైతే అడంగల్లో, వన్‌ బీలో పేరుంటుంది గానీ గ్రామకంఠంలో ఊరంతటికీ కలిపి ఒకటే సర్వే నంబరు, ఏ ఇల్లెవరిదో రెవెన్యూ వాళ్ళ దగ్గరా ఉండదు. తర్వాత ఈసీ, అదే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తీయించాం. ఆన్‌లైన్లో 1983 నించే వస్తుంది, అందులో లావాదేవీలు ఏమీ లేవని వచ్చింది. మీ నాన్న ఎగిరి గంతేసి "చూశావా, నిల్" అన్నారు. ఏం నిల్? ఈమధ్య ఎవరూ కొనలేదు, అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు అని దానర్థం. రిజిస్టరైన వీలునామాలు కూడా వేరే పుస్తకంలో ఉంటాయి, ఈసీలో కనబడవు. తండ్రి పోతే పిల్లలకి వచ్చేసినదానికి అసలు రిజిస్ట్రేషనే అక్కర్లేదు.

పేరు దొరికింది మన ఇంట్లోనే. తాతయ్యగారు ఈ ఇల్లు కొన్న 1968 నాటి దస్తావేజు బీరువాలో ఉంది కదా, దాంట్లో హద్దులు చదివాను. "పడమర: ఫలానావారి పెంకుటిల్లు, నడుమ ఉమ్మడి గోడ" అని ఇంటిపేరుతో సహా ఉంది. ఇన్నేళ్ళూ ఆ కాగితం మీదే దేవుడి పటాల పాత ఫ్రేములు పెట్టాం. ఆ పేరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకెళితే బయట కూర్చునే లేఖరి ఒకాయన "మీకేం సంబంధమమ్మా, ఓనరొస్తేనే చూపిస్తారు" అన్నాడు. మన వకీలుగారు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం, దాని ఇండెక్సు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, ఓనరే కానక్కర్లేదు. లోపల పాత ఇండెక్సులో పేరు మీద వెతికించి నకలు తీసుకున్నాను. 1959లో కొన్నారు. కొన్నాయన పేరు పక్కన "ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం" అని ఉంది. అదీ రైలు మామ్మ కథ. మన కోస్తా జిల్లాల నించి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లోనే బోలెడంత మంది అక్కడికి వెళ్ళి స్థిరపడిపోయారు, ఇప్పటికీ తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారక్కడ. ఈయన అక్కడ పనిచేస్తూ, రిటైరయ్యాక ఉందామని ఇక్కడ కొనుక్కున్నాడన్నమాట.

ఇక పంచాయతీలో ఇంటి పన్ను. డిమాండ్ రిజిస్టరులో ఇప్పటికీ పోయినాయన పేరే ఉంది గానీ పన్ను మాత్రం బకాయి లేదు! ఎవరు కడుతున్నారో నువ్వు చెప్పలేవు. కొబ్బరి దింపు తీసేవాడు. నేనెప్పుడూ ఆలోచించలేదు చూడు, ఇంటికి తాళం ఉంది గానీ పెరట్లో చెట్లకి లేదు కదా, రెండు నెలలకోసారి వెనక దడి తప్పించుకుని వచ్చి కాయలు దింపుకెళుతున్నాడు, ఎదురుగా చూస్తూనే ఉన్నాం. పిలిచి మజ్జిగిచ్చి కూర్చోబెట్టి అడిగాను. ముందు నసిగాడు, తర్వాత ఫోన్ తీసి చూపించాడు. పన్నూ కూలీ పోను మిగిలింది ఖరగ్‌పూర్లో పెద్దకొడుక్కి ఫోన్‌పే చేస్తాడట, అంతకుముందు వాళ్ళ నాన్న మనియార్డరు చేసేవాడట. "మరి ఆడపిల్లలకో" అంటే, "వాళ్ళకి తెలీదమ్మగారూ" అన్నాడు తల గోక్కుంటూ. ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు. చిన్నమ్మాయి నంబరు వాళ్ళావిడ దగ్గర ఉంటే తీసుకున్నాను.

ఇప్పుడు కొనడం సంగతి. మీ నాన్న లెక్కలో ఆడపిల్లలకేం లేదు, ఆడపిల్లలకి ఆస్తిలో వాటా అని ఎన్టీ రామారావు తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు తర్వాత పెళ్ళైనవాళ్ళకే కదా, వీళ్ళ పెళ్ళిళ్ళు ఎప్పుడో అయిపోయాయి, కొడుకు ఒక్కడితో మాట్లాడుకుంటే చాలు అంటారు. వకీలుగారు నవ్వారు. ఆ చట్టం పిత్రార్జితం ఉమ్మడి ఆస్తికి. ఇది ఆయన సొంత జీతంతో కొన్నది, వీలునామా రాయలేదంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుక్కీ కూతుళ్ళకీ సమానం, మామ్మగారి వాటా కూడా మళ్ళీ ఆ నలుగురికే. కొడుకు సంతకం ఒక్కటీ పట్టుకుని కొంటే రేపు ముగ్గురాడపడుచులు కోర్టు నోటీసుతో మన అరుగెక్కుతారు.

కలిపేసుకోవడం అంటావా, పన్నెండేళ్ళు అనుభవిస్తే మనదే అని రచ్చబండ దగ్గర అందరూ చెబుతారు. ఓనరుకి ఎదురుగా, నాదే అని బాహాటంగా, వాళ్ళు కేసు వెయ్యకుండా పన్నెండేళ్ళూ ఊరుకుంటేనట. దొంగచాటుగా దడి జరిపితే కాదు. దింపువాడు ఇన్నేళ్ళు పన్ను కట్టినా వాడిదీ అవదు, వాళ్ళ తరఫున చూస్తున్నవాడు కాబట్టి. అయినా ఆ గోడ మీదుగా నాకు కూర గిన్నె అందించిన మనిషిది ఆ ఇల్లు. నా ప్రాణం ఉండగా ఆ దడి జరగదు, మీ నాన్న టేపు బీరువాలో పెట్టేశాను.

నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. చిన్నమ్మాయితో మాట్లాడాను, అమ్మాయేమిటిలే, నా వయసుదే. తెలుగు శుభ్రంగా, మన యాసలోనే మాట్లాడింది గానీ అక్కడే పుట్టి పెరిగింది కదా, చదవడం రాదట. పిల్లలకి మాట్లాడ్డమూ అంతంతమాత్రమే. అందుకని ఇంగ్లీషులో నువ్వు ఒక కాగితం తయారుచెయ్యి, నలుగురి పేర్లతో. రావి చెట్టు కొట్టించడానికీ, గోడ మన ఖర్చుతో పూడ్పించడానికీ, దానికోసం ఒకసారి తాళం తియ్యడానికీ మాకు అభ్యంతరం లేదు అని. నలుగురూ సంతకాలు పెట్టి ఫొటో పంపిస్తే చాలు, అసలు కాపీ పోస్టులో వస్తుంది. గోడ ఫొటోలు నీ వాట్సాప్‌లో పెట్టాను, బీట పక్కన స్కేలు పెట్టి తీసినది జత చెయ్యి. నాలుగు చినుకులు గట్టిగా పడేలోపు కావాలి.

కొంటామన్న మాట అందులో రానివ్వకు, గోడ కోసం మొదలెట్టి ఇంటికి ఎసరు పెట్టామనుకుంటారు. అమ్మాలనుంటే వాళ్ళే అడుగుతారు. కొబ్బరి డబ్బుల సంగతి కూడా రాయకు. అది ఆవిడకి ఎప్పుడు, ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను.

అమ్మ