ఇంజిన్ భాగాల శుభ్రతలో మా వల్ల జరిగిన తప్పు, మార్చుకున్న పద్ధతి

పాత మోటార్ సైకిళ్ల ఇంజిన్లను మాకు అప్పగించిన వారందరికీ నమస్కారం. తెల్లబారిన అల్యూమినియం భాగాలను శుభ్రం చేసే పనిలో ఇటీవల మా వల్ల ఒక తప్పు జరిగింది. దాని తర్వాత పని పద్ధతిని మార్చుకున్నాము కాబట్టి, కొందరి ఇంజిన్లు మేము ముందు చెప్పిన గడువుకు సిద్ధం కావు. కారణం దాచకుండా చెప్పడం మా బాధ్యత.

రెండు సిలిండర్ల పాత ఇంజిన్ ఒకటి మా వద్దకు వచ్చింది. ఏళ్ల తరబడి తేమలో ఉండిపోవడం వల్ల దాని క్రాంక్ కేసు (క్రాంక్ షాఫ్టును మోసే ఇంజిన్ అడుగు పెట్టె) నిండా సున్నం రాలినట్టు తెల్లటి పొడి పట్టి ఉంది. కేసును విడదీసి, కనిపించిన రంధ్రాలన్నింటికీ రబ్బరు బిరడాలు బిగించి, పొడి గాజు పూసలను గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేశాము. తర్వాత నీటితో కడిగి, గాలి పట్టించి, ఇంజిన్ బిగించి ఇచ్చాము. కొన్నాళ్లకు ఇంజిన్ అడుగు నుంచి టకటకమని శబ్దం వస్తోందని యజమాని బండిని తిరిగి తీసుకువచ్చారు. విప్పి చూసేసరికి బేరింగ్ షెల్లుల (తిరిగే క్రాంక్ షాఫ్టును మోసే పలుచని లోహపు చిప్పల) మీద మేకుతో గీరినట్టు వరుసగా గీతలు పడి ఉన్నాయి. ఆయిల్ ఫిల్టరు అడుగున చేరిన నల్లటి మడ్డిని వేళ్ల మధ్య నలిపితే సన్నని ఇసుకలా గరగరలాడింది, దీపం కింద పెడితే అందులో గాజు తళుకు స్పష్టంగా కనిపించింది.

ఆ గాజు ఎక్కడ దాక్కుందో తెలుసుకోవడానికి కేసును మళ్లీ పూర్తిగా పరీక్షించాము. ఆయిల్ నడిచే దారిని డ్రిల్లు చేశాక, దాని బయటి కొసను ఫ్యాక్టరీలోనే చిన్న లోహపు బిరడా కొట్టి మూసేస్తారు. ఆ మూసిన కొసలో పాత ఆయిల్ మడ్డి గట్టిపడి ఉంది. మేము బిగించిన రబ్బరు బిరడాల్లో ఒకటి ఒత్తిడికి జరిగి ఉండాలి. లోపలికి చేరిన పూసలు ఆ మడ్డికి అతుక్కుని, మా నీటికీ గాలికీ కదలకుండా నిలిచి, ఇంజిన్ నడిచి వేడి ఆయిల్ తిరగడం మొదలయ్యాక ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. మేము వాడిన పూస వ్యాసం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. ఇటువంటి బేరింగుకూ క్రాంక్ షాఫ్టుకూ మధ్య ఆయిల్ నిలిచే సందు సాధారణంగా 0.05 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. పూస అందులో పట్టకపోయినా పగిలిన ముక్క పడుతుంది. అది బేరింగు మెత్తని లోహంలో నాటుకుని, తిరిగే షాఫ్టును గీస్తూనే ఉంటుంది. ఆ ఇంజిన్ మరమ్మతు ఖర్చు మొత్తం మేమే భరించాము, యజమానికి ముఖాముఖి క్షమాపణ చెప్పాము.

ఇకపై మూసి ఉన్న ఇంజిన్ మీద, సగం విప్పిన ఇంజిన్ మీద ఎటువంటి బ్లాస్టింగూ (పూసలను ఒత్తిడితో కొట్టే పని) చేయము. పూర్తిగా విప్పిన భాగాలకు మాత్రం నీటితో కలిపి పూసలను కొట్టే వేపర్ బ్లాస్టింగ్ వాడతాము. నీటి పొర దెబ్బను మెత్తబరుస్తుంది కాబట్టి పైపొర గరుకెక్కకుండా పోత పోసిన సహజ రూపం నిలుస్తుంది. కానీ అందులోనూ గాజు ఉంటుంది, కనుక నీరు కలిపినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. అందుకే పనికి ముందే ఆయిల్ దారుల బిరడాలన్నీ తీసి మడ్డిని వదిలిస్తాము. పని అయ్యాక ప్రతి దారినీ సన్నని బ్రష్షుతో, వేడి సబ్బు నీటితో కడిగి, తెల్ల గుడ్డ దూర్చి తీసి చూస్తాము. కడిగిన వ్యక్తి కాకుండా మరొకరు పరీక్షించిన తర్వాతే కొత్త బిరడాలు కొడతాము. ఆలస్యమంతా ఇక్కడే జరుగుతోంది, ఇక్కడ తొందరపడే ఉద్దేశం మాకు లేదు.

మెరుపు విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. అల్యూమినియానికి గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర ఏర్పడుతుంది, లోహాన్ని కాపాడేది అదే. మీకు కనిపించే తెల్లటి పొడి వేరు. తేమ, ఉప్పు కలిసి ఆ రక్షణను ఛేదించి లోహాన్ని తిన్న తర్వాత మిగిలినది అది. ఉక్కు బోల్టు తల చుట్టూ అది దట్టంగా ఉండటానికి కారణం, తడిలో రెండు లోహాలు తాకినచోట అల్యూమినియమే ముందుగా కరిగిపోవడం. పొడిని తీసేస్తే కింద గుంటలు బయటపడతాయి. గుంట అడుగు వరకు చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీస్తే తప్ప అవి పోవు. రెండు భాగాల మధ్య ఆయిల్ కారకుండా ఆపే గాస్కెట్ కూర్చునే ముఖం మీద అలా అరగదీయడం కుదరదు, లోతైన గుంటలున్న కవరు మీద చేయడం మంచిది కాదు. అలాంటి భాగం శుభ్రంగా ఉంటుంది గాని అద్దంలా మెరవదని ముందే చెబుతాము.

కొందరు ఇంజిన్ మొత్తాన్ని బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో మెరుగుపెట్టడం) చేయమంటున్నారు. క్లచ్ కవరు వంటి పక్క కవర్లను ఫ్యాక్టరీలోనే మెరిపించి పంపిన బండ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి, వాటిని 320 నంబరు తడి ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 400, 600, 800, 1000 వరకు, ప్రతిసారీ దిశ మారుస్తూ రుద్ది, చివర బఫింగ్ చేస్తాము. సిలిండర్ రెక్కలనూ క్రాంక్ కేసునూ మాత్రం పోత రూపంలోనే ఉంచాలని మా అభిప్రాయం. బఫింగ్ ఎక్కువైతే అంచులు గుండ్రబడి, పోతలో వచ్చిన అక్షరాలు చెరిగిపోతాయి, వాటిని తిరిగి తేలేము. 1970ల నాటి జపాన్ బండ్ల కవర్ల మీద చాలావరకు పారదర్శకమైన లాకర్ పూత ఉంటుంది. దాని కింద పురుగు పాకిన దారిలాంటి తెల్ల గీతలు కనిపిస్తే, పూతను పూర్తిగా తొలగించే వరకు ఏ పాలిష్ రుద్దినా ఫలితం ఉండదు.

ఇంటి వద్ద కాస్టిక్ సోడాలో నానబెట్టి భాగాలను పంపవద్దని వేడుకుంటున్నాము. అది ఆక్సైడుతో ఆగదు, లోహాన్నీ కరిగిస్తుంది, మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసిన మెరుపు ద్రావణాలు ఇంకా ప్రమాదకరం. అవి చర్మం లోపలికి ఇంకిపోతాయి, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. మీ ఇంజిన్ కవర్లలో మెగ్నీషియంవి ఉన్నాయని తెలిస్తే ముందే చెప్పండి, వాటిని చాలా ఆమ్లాలు మరింత వేగంగా తినేస్తాయి.

వరుసలో ఉన్నవారు కొత్త గడువుకు ఒప్పుకోవచ్చు, లేదా భాగాలను పని చేయకుండానే వెనక్కి తీసుకోవచ్చు. గతంలో మా దగ్గర పొడి పూసలతో క్రాంక్ కేసు శుభ్రం చేయించుకున్న వారు మాత్రం దయచేసి బండి నడపడం ఆపి మాకు తెలియజేయండి, పరీక్షకు ఏమీ తీసుకోము. ఆయిల్ ఫిల్టరును మీరే విప్పితే, దాన్ని కడగకుండా, అడుగున ఉన్న మడ్డితో సహా శుభ్రమైన సంచిలో పెట్టి తీసుకురండి.