కుక్కర్ రబ్బర్లు రెండు పంపించమ్మా

హాలిఫాక్స్, కెనడా,
నవంబరు, ఆదివారం రాత్రి

అమ్మకు, నాన్నకు వందనాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. చలి మొదలైంది. మేం తెచ్చుకున్న శరణార్థుల కుటుంబం గురించి మొన్న ఫోనులో నువ్వు అడిగినవాటికి సగం సగం చెప్పి పెట్టేశాను, డ్యూటీకి టైమైపోయింది. మన చర్చి స్త్రీల సమాజంలో చదివి వినిపిస్తానన్నావు కదా, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఇక్కడి మా చర్చి సంఘం పూచీ పడి తెచ్చుకున్న కుటుంబం అఫ్గానిస్తాన్ వాళ్లు. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, ఆయన తల్లి. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి వెళ్లాక పాకిస్తాన్ చేరి, అక్కడ మూడేళ్లకు పైగా ఎదురుచూశారు. యుద్ధం రోజుల్లో రంగూన్ నుంచి నడిచొచ్చిన మనవైపు వాళ్లను నాయనమ్మ కాందిశీకులు అనేది, గుర్తుందా? వీళ్లూ అంతే. పాకిస్తాన్‌లో ఉర్దూ వచ్చేసింది వాళ్లకి, నాకు హైదరాబాద్ హిందీ ఉంది. అలా ఈ పనిలో నేను పడ్డాను.

ఇక్కడ ప్రభుత్వం తెచ్చేవాళ్లు కాక, సంఘాలూ ఇరుగుపొరుగు గుంపులూ బాధ్యత తీసుకుని తెచ్చే పద్ధతి ఒకటుంది. 1979, 80ల్లో వియత్నాం, లావోస్, కంబోడియాల నుంచి వచ్చిన 60 వేల మందిలో సగానికి పైగా ఇలా వచ్చినవాళ్లే. 1986లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, శరణార్థులకు సాయపడినవాళ్లకిచ్చే నాన్సెన్ పతకాన్ని కెనడా ప్రజలందరికీ కలిపి ఇచ్చింది. పూచీ ఏడాదిపాటు. ఇంటి అద్దె, తిండి, బట్టలు మావే. బడిలో చేర్చడం, బ్యాంకు ఖాతా, డాక్టరు, ఇంగ్లీషు క్లాసులు, అన్నిటికీ వెంట ఉండాలి. విమానం ఖర్చు మాత్రం ప్రభుత్వం వాళ్లకే అప్పుగా ఇస్తుంది, వడ్డీ లేదు, మెల్లగా తీర్చుకోవాలి. మన బొబ్బిలి మిషన్ కాంపౌండుకి ఆ రోజుల్లో దొరలూ దొరసానులూ వచ్చింది మేముండే ఈ నోవా స్కోషియా రాష్ట్రం వైపు నుంచే కదమ్మా. ఆ మాట ఈ కుటుంబం పనులు చూసే మా కమిటీలో చెబితే చాలామందికి తెలీదు.

వాళ్లు దిగేముందు మేం ఇల్లు సర్దాం. పెద్ద సోఫా, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్ నిండా సామాను. తీరా చూస్తే ఎవరో ప్రేమగా తెచ్చి పెట్టిన వాటిలో పంది మాంసం ఉంది. ముసలావిడ ఆ ప్యాకెట్ పట్టుకుని నన్ను అడిగింది, ఇదేమిటమ్మా అని. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సోఫా గోడవారకు జరిపి, దుప్పటి పరుచుకుని కింద కూర్చుని తిన్నారు. పాత కోట్లయితే పదిహేను, ఒక్కటీ పెద్ద పిల్లకి సరిపోలేదు.

నాకప్పుడు మందస మామయ్యే గుర్తొచ్చాడు. 2018లో తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లన్నీ పడగొట్టేశాక, కరెంటు లేక మోటార్లు ఆడక నీళ్లకి అల్లాడుతుంటే, లారీలో పాత బట్టల మూటలు దింపి వెళ్లారు. "ఏం కావాలని ఒక్కడూ అడగలేదే అమ్మా" అన్నాడు మామయ్య. ఆ మాటే ఇక్కడ కమిటీలో చెప్పాను. ఆ వారం ఇద్దరం వెళ్లి ఆ ముసలావిణ్ని అడిగాం. చాలాసేపు ఏమీ వద్దంది. తర్వాత మెల్లగా, ప్రెషర్ కుక్కర్ ఉంటే బాగుండు అంది. వాళ్ల దేశంలో కుక్కర్ లేని వంటిల్లు ఉండదట. నేను వచ్చేటప్పుడు నువ్వు పెట్టెలో చీరల మధ్య పెట్టిన అయిదు లీటర్ల కుక్కర్ ఇచ్చేశాను. కోప్పడకు.

ఇంకో తప్పు కూడా రాస్తాను, సమాజంలో వినాలి. పిల్లల తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు నాకు డ్యూటీ ఉండి, పన్నెండేళ్ల పిల్ల చేత డాక్టరు మాటలు చెప్పించారు. స్త్రీల ఆరోగ్యం సంగతులు, తల్లికి పోయిన బిడ్డ సంగతి, అవన్నీ ఆ పిల్ల నోటితో. రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఇప్పుడు ముందే ఫోను మీద దుబాసీని అడిగి పెట్టుకుంటున్నాం. పిల్లల్ని ఆ పనికి పంపం.

నువ్వు అడిగావు, వాళ్లు ఆరాధనకి వస్తున్నారా అని. రావడం లేదమ్మా. రమ్మని మేమూ అడగలేదు. ఇంటి అద్దె కట్టేవాళ్లు రమ్మంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది చెప్పు? మొహమాటానికి వచ్చి కూర్చుంటారు, లోపల కుమిలిపోతారు. శుక్రవారం నమాజుకి మసీదు దాకా మా సంఘ పెద్ద ఒకాయన తన కార్లో దింపేవారు. పరదేశిని చేర్చుకోవడమంటే నాకు ఆయన చేసిందే అనిపిస్తుంది. ఇది కొందరికి నచ్చదని తెలుసు, అయినా చదువు.

దింపేవారు అన్నాను కదా, ఇప్పుడు అవసరం లేదు. మొదటి నెలల్లో ఎక్కడికైనా కారే. ఆ ఇంటాయన కాబూల్లో లెక్కల మాస్టారు. ప్రతిదానికీ ఎవరో ఒకరి కారు కోసం కిటికీ దగ్గర కోటు వేసుకుని నిలబడేవారు, చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. తర్వాత నేనూ ఆయనా కలిసి మూడుసార్లు బస్సెక్కాం. నాలుగోసారి ఒక్కరే వెళ్లి, దిగాల్సిన స్టాపు దాటిపోయి, మంచులో నడిచి ఇంటికొచ్చి, ఎవరికీ ఫోను చేయలేదని నాకు ఫోను చేసి చెప్పారు. ఎంత సంతోషమో ఆ గొంతులో! ఫిబ్రవరికి ఏడాది నిండుతుంది. ఆ తర్వాత అద్దె వాళ్లే కట్టుకోవాలి, టెన్షన్ నాకూ ఉంది. డబ్బు ఆగినా మనుషులం ఆగకూడదని కమిటీలో గట్టిగా చెబుతున్నాను.

వంటకి ముందు తీసి పెట్టే పిడికెడు బియ్యం మీద వచ్చిన డబ్బు పంపుతామన్నారు మీరంతా. వద్దమ్మా, అక్కడే ఎవరికి ఏం కావాలో అడిగి ఇవ్వండి. మా కోసం ప్రార్థన చేయండి, చాలు.

ఒక్కటి మాత్రం పంపు. నిన్న ఆ ముసలావిడ మన కుక్కర్లో మాంసం ఉడికించి, క్యారెట్టూ కిస్‌మిస్సూ వేసి పులావు చేసి, నేను బెల్లం పరమాన్నం ఇచ్చిన గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అందులో నింపి పంపింది. కుక్కర్ పక్కనుంచి ఆవిరి కారుతోందట, రబ్బరు సాగిపోయింది. చెల్లి డిసెంబరులో వస్తుంది కదా, కొలత తప్పకుండా అయిదు లీటర్లదానికి రెండు రబ్బర్లు కొని పెట్టు.

నీ పెద్ద కూతురు