ఒకే కలంతో ఐదేళ్ల మినిట్స్

సంపాదకులకు నమస్కారం.

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ ఇచ్చే గుర్తింపు గడువు దగ్గరపడగానే విశ్వవిద్యాలయాల్లో మొదలయ్యే హడావుడి గురించి, ఆ పనిలో కొన్నేళ్లు పాలుపంచుకున్న విశ్రాంత అధ్యాపకుడిగా ఈ లేఖ రాస్తున్నాను.

1994లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన న్యాక్, గ్రేడు ఇచ్చే ముందు సంస్థ తన గురించి తానే రాసుకున్న స్వీయ అధ్యయన నివేదికను అడుగుతూ వచ్చింది. పాఠ్యప్రణాళిక, బోధన, పరిశోధన, వసతులు, పాలన వంటి ఏడు ప్రమాణాల కింద గడచిన ఐదేళ్ల లెక్కలు అందులో చూపాల్సి వచ్చేది. 2017 సవరణల తర్వాత నడిచిన పద్ధతిలో, ప్రాథమిక అర్హతా దరఖాస్తు ఆమోదం పొందాక ఈ నివేదిక దాఖలుకు ఇచ్చిన గడువు 45 రోజులు. ఉన్న సమాచారాన్ని కూర్చడానికి అది చాలు. లేనిదాన్ని పుట్టించాలంటేనే రాత్రిళ్లు మేలుకోవలసి వస్తుంది.

నేను పనిచేసిన చోట ఒక శాఖ గుమాస్తా ఐదేళ్ల పాఠ్యమండలి సమావేశాల చర్చలను నమోదు చేసే మినిట్స్‌ను ఒకే విడతలో, ఒకే నీలం కలంతో రాయడం కళ్లారా చూశాను. తప్పు ఆయనది కాదు, రాయమన్న మాది. గ్రంథాలయం సాయంత్రం ఐదింటికే మూసేస్తున్నారని విద్యార్థులు అభిప్రాయ పత్రాల్లో రాస్తే, దాన్ని రంగుల గ్రాఫుగా మార్చి నివేదికకు జతచేశాం. గ్రంథాలయం వేళలు మాత్రం మారలేదు.

ప్రతి సంస్థలోని అంతర్గత నాణ్యతా విభాగం ఏటా న్యాక్‌కు వార్షిక నివేదిక పంపాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. ఆ పనిని పాఠాలు చెప్పే ఒక అధ్యాపకుడి నెత్తిన అదనపు బాధ్యతగా పెట్టకుండా, విభాగానికి సొంత సిబ్బందిని ఇచ్చి, ప్రతి శాఖా విద్యాసంవత్సరం ముగిసేలోగా తన లోపాలను రాసి, వాటిపై ఏ చర్య తీసుకున్నదో విద్యార్థులకు కనిపించేలా నోటీసు బోర్డులో పెట్టేటట్లు చేయాలి. లోపం ఒప్పుకుంటే గ్రేడు తగ్గుతుందన్న భయం నిజమే, కాదనను. అయితే గ్రేడ్ల స్థానంలో గుర్తింపు ఉందా, లేదా అన్నది మాత్రమే తేల్చే విధానం తెస్తామని న్యాక్ 2024లో ప్రకటించింది కనుక, ఆ భయానికి ఇకపై అంత ఆస్కారం ఉండకపోవచ్చు.

ఉన్నత విద్యామండళ్లు ఈ వార్షిక నివేదికలను, వాటిపై తీసుకున్న చర్యలతో సహా, తెలుగులో కూడా ప్రజల ముందుంచేలా విశ్వవిద్యాలయాలను ఆదేశించాలని కోరుతున్నాను.

- ఒక విశ్రాంత అధ్యాపకుడు