అమ్మా, పిన్ని మాత్రలు పంపకు

బర్మింగ్‌హామ్

అమ్మా,

నిన్న ఫోన్‌లో నాన్న పక్కనే ఉన్నారని సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా. ముందు నీ బీపీ మాత్ర వేసుకో, ఆ తర్వాత చదువు.

పిన్ని వేసుకునే థైరాయిడ్ మాత్ర నాకెందుకు రాయలేదని అడిగావు. పిన్నికి ఉన్నది తక్కువ, నాకున్నది ఎక్కువ. అది నేను వేసుకుంటే మండే పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టే. దయచేసి పార్సిల్‌లో పెట్టకు.

దడ, నీరసం అన్నీ వేవిళ్ళే అనుకున్నాం కదా. ఒక రోజు టీ వడకడుతుంటే గిన్నె అంచు గ్లాసుకు టకటకా కొట్టుకుంది. ఈయన వచ్చి నా చేయి పట్టుకుంటే చేయి కాదు, మోటారులా ఉంది. మర్నాడే పరీక్షలు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బన్నారు.

"కడుపుతో ఉండి మందులేమిటే" అన్నావు. అమ్మా, మానేస్తేనే భయం. నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తగ్గొచ్చు. థైరాయిడ్‌ని తగ్గించే మాత్రలు రెండున్నాయి. వాటిలో కార్బిమజోల్ బిడ్డ అవయవాలు ఏర్పడే రోజుల్లో మంచిది కాదని మొదట రెండోది, పీటీయూ ఇచ్చారు. నాలుక మీద పెడితే వేపాకే! దానితో లివర్‌కి ఇబ్బంది రావచ్చని ఐదో నెలలో కార్బిమజోల్‌కి మార్చారు. నాలుగు వారాలకోసారి రక్తం తీసి, వీలైనంత తక్కువ మోతాదులో ఉంచుతున్నారు.

దురద వచ్చింది, తగ్గింది. అది కాదు నేను దాచింది. పోయిన నెల ఒక రాత్రి గొంతు నొప్పి, జ్వరం. ఈ మందుతో అలా వస్తే మాత్ర ఆపి వెంటనే రక్తపరీక్షకి రమ్మని ముందే చెప్పారు, తెల్లకణాలు పడిపోవచ్చట. ఆసుపత్రిలో నాలుగు గంటలు కూర్చున్నాం. కణాలు బాగానే ఉన్నాయి, ఒట్టి జలుబు. నీకు చెప్పకపోవడం తప్పే. చెప్తే నువ్వు నాన్నను లేపేదానివి, ఆయన అర్ధరాత్రి బీరువాలో పాస్‌పోర్ట్ వెతికేవారు. కాదంటావా?

ఆఫీసు మామూలే.

బిడ్డ గుండె నిమిషానికి 145 సార్లు కొట్టుకుంటోంది, బాగుందన్నారు. నా రక్తంలో ఈ జబ్బు తెచ్చే యాంటీబాడీలు బిడ్డకూ చేరొచ్చని మళ్ళీ స్కాన్ పెట్టారు. కాన్పయ్యాక కూడా మాత్ర వేసుకుంటూ పాలివ్వచ్చట, తక్కువ మోతాదైతే. అడిగి తెలుసుకున్నా, నువ్వు అడుగుతావని.

ఆవకాయ అయిపోయింది. నాన్న మోకాలు ఎలా ఉంది? సీమంతం గాజులు రెండు ఆరు కొనకు, చేయి దాటి జారిపోతున్నాయి. రెండు నాలుగు చాలు. పచ్చవి.

నీ
చిన్ని