చిన్న సేవాసంస్థలకు పత్రికలో వారానికో మూల కేటాయించండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో సేవాసంస్థలకు కొదవ లేదు. కొండవాలు ఇళ్ల పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెప్పేవాళ్లు, ఒంటరి వృద్ధులకు క్యారియర్లు పంపేవాళ్లు, తలసీమియా పిల్లలకు రక్తదాతలను వెతికిపెట్టేవాళ్లు ఉన్నారు. వీళ్లున్నారని చాలాసార్లు పక్క వీధికే తెలియదు. అలాంటి ఒక సంస్థలో లెక్కలు రాసేదాన్ని కాబట్టి చెబుతున్నాను: మాకు విరాళం కన్నా ముందు కావలసింది నలుగురికీ తెలియడం.

ప్రచారమంటే మన ఊళ్లో ఫ్లెక్సీయే. బెంజి సర్కిల్లో అన్ని ఫ్లెక్సీల నడుమ మాదొకటి కడితే చదివేదెవరు? ఆ డబ్బుతో పిల్లలకు నోటుపుస్తకాలొస్తాయి. పైగా అందులో పెద్దల ఫొటోలే కనిపిస్తాయి గానీ, ఏం కావాలో కనిపించదు. ‘సాయం చేయండి’ అంటే ఎవరూ కదలరు. ‘ఎనిమిదో తరగతి పిల్లలు ఇరవై మందికి జామెట్రీ బాక్సులు కావాలి, ఫలానా చోట ఇవ్వండి’ అంటే తెచ్చిచ్చేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. ఇచ్చినవారికి వెంటనే రసీదు, ఆ వస్తువు ఎవరికి చేరిందో వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపితే, వాళ్లే మరో ఇద్దరికి చెబుతారు. దానికి పిల్లల చేతిలో సంచీ పెట్టి ఫొటో తీయనక్కర్లేదు. అది వాళ్ల మర్యాదకు భంగం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నగరం మునిగినప్పుడు ఎక్కడెక్కడివాళ్లో అన్నం పొట్లాలు తెచ్చారు. అయినా సింగ్‌నగర్ లోపలి వీధుల్లో ఆకలితో ఎదురుచూసినవాళ్లున్నారు. ఇచ్చే చేయి ఉంది, ఎక్కడ ఇవ్వాలో చెప్పే ఏర్పాటు లేదు. మామూలు రోజుల్లోనూ అంతే.

డబ్బు లేకుండా దొరికే దారులు కొన్ని ఉన్నాయి. అర్హతగల లాభాపేక్షలేని సంస్థలకు గూగుల్ నెలకు 10,000 డాలర్ల దాకా విలువచేసే సెర్చ్ ప్రకటనలు ఉచితంగా ఇస్తుంది. కానీ దానికి వెబ్‌సైటు ఉండాలి, చూసుకునే మనిషి ఉండాలి. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఆ పని తీసుకుంటే ఎంత మేలు! అనుమతి ఉన్న సంస్థకిచ్చే విరాళానికి పాత పన్ను విధానంలో ఆదాయపన్ను మినహాయింపు (80జీగా పేరుపడింది) ఉంటుందని, 2,000 రూపాయలు దాటిన నగదుకు అది వర్తించదని దాతలకు ముందే చెప్పడం కూడా ప్రచారంలో భాగమే. చెప్పకపోతే తర్వాత నమ్మకం పోతుంది.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. జిల్లా పేజీలో వారానికోసారి చిన్న మూల కేటాయించండి. సంస్థ పేరు, ఏం కావాలి, ఎంత కావాలి, ఎక్కడ ఇవ్వాలి, ఇంతే. మోసగాళ్లు దూరుతారన్న భయం న్యాయమైనదే. అందుకే రిజిస్ట్రేషన్, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో (స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటు) నమోదు, కిందటి ఏడాది ఆడిట్ లెక్కలు చూశాకే వేయండి. అవి చూపలేని సంస్థకు చోటివ్వకండి, మాదైనా సరే. నగరపాలక సంస్థ కూడా ఖాళీగా ఉన్న తన బస్‌షెల్టర్ బోర్డులను ఇలాంటి అవసరాల కోసం ఉచితంగా ఇవ్వాలని కమిషనర్ గారిని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

– ఒక సేవాసంస్థ కార్యకర్త, సత్యనారాయణపురం, విజయవాడ